కరీముద్దీన్ చూడని గోడ

తాండూరుల కరెంటు కరీముద్దీన్‌ను స్విచ్చి బాగుచెయ్యనీకి పిలిస్తె ముందుగాల మీకు కోపం వస్తుండె. రాకుంటె మీరు మనిషే కాదు. ఇంట్ల లైటు పడ్తలేదు, వంట సగంల ఆగింది, మీరు పరేషాన్‌ల ఉంటరు. ఆయనేమో సైకిలు గోడకు ఆనిచ్చి, తోలుసంచి కింద పెట్టి, సంచిల చెయ్యి గూడ పెట్టకుండ ముచ్చట మొదలుపెడ్తడు. గీ స్విచ్చి ఎవరు వేస్తరు? ఏ యాళ్లకు వేస్తరు? చేతులు కడుక్కొని వేస్తరా, తుడుచుకొని వేస్తరా? కాళ్లకు చెప్పులుంటయా? వాన పడ్డనాడు ఎక్కువుంటదా? అన్నీ అయినంక, గీ గోడకు అవతల ఏమున్నది?

"సంబంధం మాట్లాడనీకి వచ్చినవా, స్విచ్చి చూడనీకి వచ్చినవా?" అని గంజ్ బజారు కాడి చాయ్ హోటల్ మొగులప్ప ఓసారి మొఖం మీదనే అడిగిండు. కరీముద్దీన్ నవ్విండు గని అడుగుడు ఆపలే. అవతలి అర్ర తలుపు తీపిచ్చి, లోపటికి పోయి, గోడను అరచేత్తోటి తడిమి చూసినంకనే ఇవతల స్క్రూ మీద చెయ్యి పెట్టిండు. గిదంత ఎనభైలల్ల సంగతి. అంతకుముందు ఆయన గిట్ల లేకుండె.

ఆయన పుట్టింది వికారాబాదుల. తండ్రి స్టేషన్ కాడ టాంగా నడిపెటోడు. కొడుక్కు గుర్రం అంటె భయం, టాంగా అంటె సిగ్గు. "గుర్రానికి భయపడెటోనివి కరెంటు దగ్గరికి పోతవారా?" అని తండ్రి ఎగతాళి చేసిండు గని, గులాం నబీ అనే వైరింగ్ ఉస్తాద్ దగ్గర పనికి పెట్టిండు. గులాం నబీకి ఒక చేతికి రెండు వేళ్లు లెవ్వు. ఎట్ల పోయినయో ఎవరికి చెప్పలే, ఎవరూ అడగలే. చెయ్యి చూస్తె తెలుస్తనే ఉండె.

భయం ఉన్నోడే కరెంటు పనికి పనికొస్తడని ఆ ఉస్తాద్ లెక్క. ముందు మెయిన్ బందు చెయ్యాలె. బందు చేసి ఊకోవద్దు, ఫ్యూజు గుంజి నీ జేబుల వేసుకోవాలె, లేకుంటె ఇంట్లోళ్లు ఎవరో ఒకరు చీకటైందని మల్ల మెయిన్ వేస్తరు. టెస్టర్ వెలగలేదంటె కరెంటు లేనట్టు గాదు, టెస్టరే చచ్చిపోయి ఉండొచ్చు. అందుకని కరెంటు ఉన్న కాడ ఓసారి పెట్టి చూసి, తర్వాత పనికాడ పెట్టి చూసి, మల్ల ఉన్న కాడికి పోయి చూడాలె. కాళ్ల కింద ఎండిన చెక్కపీట ఉండాలె. ఒక చెయ్యి ఎప్పటికీ వెనుకకే ఉండాలె. కరీముద్దీన్ గివన్నీ నమాజు లెక్క పట్టుకున్నడు. అందుకే ఇరవై వేళ్లతోటి బతికిండు.

తెలంగాణ లొల్లి నడిచిన యేడు, అంటె అరవై తొమ్మిదిల, వికారాబాదుల దుకాణాలు తెరుచుడు తక్కువ, మూసుడు ఎక్కువ. పని లేదు. తాండూరుల బండల వ్యాపారం చేసెటోళ్లు ఇండ్లకు కొత్తగ కరెంటు పెట్టిచ్చుకుంటున్నరని తెలిసి, పెండ్లాం అష్రఫున్నీసాను, తోలుసంచిని వెంటబెట్టుకొని ప్యాసింజర్ బండి ఎక్కిండు. దిగిన నెలలనే చేతినిండ పని దొరికింది.

పని దొరికింది పనితనానికి ఒక్కదానికే గాదు. అదబుకు, మర్యాదకు గూడ. కరీముద్దీన్ ఏ ఇంటికి పోయినా గడప బయట ఆగి ఓసారి దగ్గుతుండె. లోపటికి రమ్మంటె తల వంచుకొని వస్తుండె. చూపిచ్చిన స్విచ్చి చూస్తుండె, చూపియ్యని గోడ దిక్కు కన్నెత్తకపోతుండె. ఇంటెనుక అర్రలు, వంటిల్లు, ఆడోళ్లు తానం చేసే జాగ, అటు దిక్కు కాలు పెట్టుడు ఆయన లెక్కల హరామ్. "కరీం సాబ్ వస్తె మా కోడండ్లు లోపటికి ఉరికే పని లేదు" అని సేఠ్ల ఇండ్లల్ల ముసలమ్మలు చెప్పుకుంటుండిరి. మంచి గుణమే, ఎవరు కాదంటరు? గని ఆడోళ్లకు దూరం నిలబడొచ్చు, గోడకు దూరం నిలబడితె వైరింగ్ పని ఎట్ల అయితది? గీ మాట అప్పుడు ఎవరన్న చెప్పి ఉంటె మంచిగుంటుండె. ఎవరూ చెప్పలే.

పాండురంగం సేఠ్‌ది శాబాదు బండల డిపో. ఇల్లు గంజ్ వెనుక వాడకట్టుల ఉండె. గోడలు గూడ బండలతోటే కట్టిచ్చిండు. తాండూరుకు వచ్చిన కొత్తల ఆ ఇంటికి కరెంటు పెట్టింది కరీముద్దీనే. నడిమింట్ల గోడకు గుండ్రటి చెక్కదిమ్మ కొట్టి, దాని మీద నల్ల స్విచ్చి బిగిచ్చిండు. గోడకు అవతల పశువుల మేత వేసే కొట్టం ఉండె. కొట్టంల ఒక లైటు బుగ్గ పెట్టనీకి గోడకు తూటు పొడిచి, తీగెను పైపు లేకుండ అట్లనే అవతలికి తీసిండు. ఎండుగడ్డి ఉండే జాగనే గదా, పైపు ఎందుకు అనుకున్నడు. ఆనాటికి అది తప్పు గాదు.

కొన్నేండ్లకు పాండురంగం కొడుకు సోమేశ్వర్‌కు పెండ్లయింది. కోడలు పద్మమ్మది యాలాల్. అత్త కస్తూరమ్మ పద్ధతులు గట్టివి. దీపాలు పెట్టే యాళ్లకు కోడలు మొఖం, కాళ్లు, చేతులు కడుక్కోవాలె, బొట్టు పెట్టుకోవాలె, నడిమింట్ల లైటు వెయ్యాలె, వెలిగిన బుగ్గకు దండం పెట్టాలె. ఆ పని ఇంట్ల ఇంకెవరూ చెయ్యొద్దు. కోడలే చెయ్యాలె.

వానకాలం మొదలైనంక ఒకనాడు పద్మమ్మ స్విచ్చి వేసి కెవ్వుమన్నది. చెయ్యి గుంజిందన్నది. కొత్త కోడలు, భయపడ్డదనుకున్నరు. రెండోనాడు గట్లనే అన్నది. తర్వాత తర్వాత స్విచ్చి దగ్గరికి పోవాల్నంటె వణుకుడు వెట్టింది. ఒకనాడు నేను వెయ్య అని మొండికేసి కూసుంది. లక్ష్మి వచ్చే యాళ్లకు ఇల్లు చీకటి చేస్తదా అని కస్తూరమ్మకు ఎక్కడలేని కోపమొచ్చింది. రాత్రి పడుకునే ముందు లైటు బందు చేసేది సోమేశ్వర్. ఆయనకు ఏం కాకపోతుండె. మరి దీనికొక్కదానికే ఎందుకు కొడ్తది? పని ఎగ్గొట్టనీకన్న చేస్తుండాలె, లేకుంటె ఏదో గాలి సోకి ఉండాలె. అదీ అత్త లెక్క.

కరీముద్దీన్‌ను పిలిచిన్రు. ఆయన పొద్దున వచ్చిండు. గడప కాడ దగ్గిండు. మెయిన్ వేసి ఉండంగనే పీట మీద నిలబడి, స్విచ్చి స్క్రూలకు టెస్టర్ పెట్టిండు, వెలగలే. మెయిన్ బందు చేసి మూత ఇప్పిండు. తీగెలు బిగువుగ ఉన్నయి, చెక్క ఎండి కటకటలాడుతుంది. మల్ల బిగిచ్చిండు.

"ఏం లేదమ్మా. సక్కగనే ఉన్నది."

"మరి ఇది రోజు ఎందుకు మొత్తుకుంటది?" అన్నది కస్తూరమ్మ.

గీడ కరీముద్దీన్ ఊకుంటె అయిపోతుండె. ఊకోలే. "వహమ్ అయ్యుంటది, ఉత్త భ్రమ. కొందరికి కరెంటంటె దిల్‌ల భయం కూసుంటది" అన్నడు.

తలుపు వెనుక నుంచి పద్మమ్మ గొంతు వచ్చింది. "పొద్దున కొట్టది సాబ్. దీపాలు పెట్టే యాళ్లకే కొడ్తది."

కరీముద్దీన్ ఆ తలుపు దిక్కు చూడలే, అదబు గదా. సంచి భుజానేసుకుంటనే నవ్విండు. "కరెంటుకు పొద్దు మాపు తెలుస్తదా బిడ్డా?" అన్నడు.

కస్తూరమ్మకు ఆ మాట చాలు. వహమ్ అని వైరింగ్ చేసినాయననే చెప్పిండు, ఇంక దాపరికం ఏమున్నది? ఆ వారంలనే పద్మమ్మను యాలాల్ తోలిచ్చిన్రు. నయమైనంక చూద్దాం అన్నరు. నయం కాకుంటె సోమేశ్వర్‌కు ఇంకో సంబంధం చూస్తరట అని గంజ్‌ల గుసగుసలు లేచినయి. మొగులప్ప హోటల్ల చాయ్ తాగుకుంట కరీముద్దీన్ గూడ విన్నడు. అయ్యో పాపం అనుకున్నడు. ఇంటికి పోయి అన్నం తిన్నడు. పాపం అనుకుంటె నిద్ర ఆగుతదా ఏంది, పడుకున్నడు.

వానకాలం చివరల పాండురంగం డిపోల బండలు కోసే మిషన్ స్విచ్చి పాడైంది. కరీముద్దీన్ మెయిన్ బందు చేసి, డబ్బా ఇప్పి, కూసున్నడు. పొద్దు వాలుతుంది. పాండురంగం తలకాన్నుంచి కాళ్లదాక బండల సున్నం పిండితోటి తెల్లగ ఉన్నడు.

"నువ్వు కానియ్యి, నేను ఇంటికి పోత" అన్నడు. "గీ అవతారం జూస్తె మా ఇంటామె గడప ఎక్కనియ్యది. ముందు జాలారిల నాలుగు చెంబులు పోసుకొని తానం చేసినంకనే ఇంట్లకు. జాలారి గూడ గందుకే, గీ వానలకు ముందు కట్టిచ్చిన, పాత కొట్టం తీసేసి."

"మంచి పని చేసిన్రు సేఠ్" అన్నడు కరీముద్దీన్, తీగె గీక్కుంట.

పాండురంగం పోయిండు. కరీముద్దీన్ తీగె చివర చుట్టి స్క్రూ కింద దూరిచ్చిండు. బిగియ్యబోతుండంగ చెయ్యి ఆగింది. పాత కొట్టం. ఏ కొట్టం? ఆ ఇంట్ల ఉన్నదే ఒక్క కొట్టం. నడిమింటి గోడ వెనుకది. తను తూటు పొడిచిన గోడ వెనుకది.

అంత అర్థమైంది ఆయనకు. సేఠ్ డిపో నుంచి పోయి నీళ్లు పోసుకునేది దీపాలు పెట్టే యాళ్లకే. నీళ్లు గోడకు చిమ్ముతయి. బండల సందుల నుంచి, పైపు లేని తూటు నుంచి, తీగె వెంబడి ఇవతలికి దిగుతయి. చెక్కదిమ్మ నానుతది. నానిన చెక్క నుంచి స్క్రూలకు కరెంటు వస్తది. అప్పుడే కాళ్లు చేతులు కడుక్కొని, ఒట్టి కాళ్లతోటి, బండల మీద నిలబడి కోడలు స్విచ్చి మీద చెయ్యి పెడ్తది. సోమేశ్వర్ పడుకునే యాళ్లకు అంత ఆరిపోతది. తను పోయిన పొద్దుటికి చెక్క కటకటలాడుతది. పొద్దున కొట్టది సాబ్ అని ఆ బిడ్డ మొత్తుకున్నది. తను నవ్విండు.

"యా అల్లా" అన్నడు పైకే.

ఉరకాలని కాళ్లు గుంజుతున్నయి. అయినా మిషన్ డబ్బా తెరిచి పెట్టి పోలే. స్క్రూలన్నీ బిగిచ్చి, మూత పెట్టి, అప్పుడు సైకిలెక్కిండు. ఇప్పుడు ఆ ఇంట్ల స్విచ్చి ఎవరు వేస్తున్నరు? కోడలు లేదు. కస్తూరమ్మనే వేస్తుండాలె. తడి చేతులతోటే.

గడప కాడ దగ్గుడు మరిచిపోయి నడిమింట్లకు వచ్చిండు. గోడ వెనుక నీళ్లు పోసుకునే చప్పుడు వినొస్తుంది. కస్తూరమ్మ బొట్టు పెట్టుకొని, తడి కాళ్లతోటి వస్తుంది. అరవబోయిండు. ఆమె చేతిల అన్నం కలిపే కట్టెతెడ్డు ఉన్నది. దూరం నిలబడి తెడ్డు కాడతోటి స్విచ్చి నొక్కింది. బుగ్గ వెలిగింది. తెడ్డు చంకల పెట్టుకొని దండం పెట్టి, కండ్లు తెరిస్తె ఎదురుంగ కరీముద్దీన్.

కరీముద్దీన్ తెడ్డు దిక్కు చూసిండు.

"ఎప్పటి సంది అమ్మా?"

అబద్ధం చెప్పొచ్చు ఆమె. చెప్పలే. "పద్మ పోయిన తెల్లారి నాకు గూడ కొట్టింది."

"మరి చెప్పలేదేంది?"

"ఏమని చెప్పాలె?" కస్తూరమ్మ గొంతు తగ్గించింది. "పిచ్చిదని తోలిచ్చినంక, నాకు గూడ కొట్టిందని పదిమందికి ఎట్ల చెప్పుకోను? మావోళ్లు నా మొఖాన ఉమ్మెయ్యరా? అయినా వహమ్ అన్నది నువ్వు. నేను గాదు. సప్పుడు చెయ్యకుండ బాగుచేసి పో. నీ పేరు నీకుంటది, నా మర్యాద నాకుంటది."

దాపరికం ఎందుకు, ఆ మాట కరీముద్దీన్‌కు తియ్యగనే వినిపిచ్చింది. తాండూరుల ఆయనకున్నది ఆ పేరొక్కటే. పాండురంగం ఇంట్ల కరీముద్దీన్ తప్పు చెప్పిండని గంజ్‌ల తెలిస్తె ఇంకెవరు పిలుస్తరు? తల ఊపిండు. మెయిన్ బందు చేసి ఫ్యూజు గుంజి జేబుల వేసుకున్నడు. "గీ రాత్రికి కందిలి పెట్టుకోండి. రేపు పగటీలి వచ్చి చేస్త" అన్నడు.

ఇంటికి పోయి అష్రఫున్నీసాకు చెప్పిండు. ఆమె గోధుమలు ఏరుకుంట విన్నది. "ఆ పిల్ల ఏమంటుందట?" అని అడిగింది.

"ఏ పిల్ల?"

"ఏ పిల్ల అంటవేంది జీ? మీ ఇద్దరి పేర్ల ముచ్చటే చెప్తున్నవు. పిచ్చిదని పేరు పడ్డ పిల్ల ముచ్చట ఏది?"

కరీముద్దీన్‌కు కోపమొచ్చింది. ఆమె మీదనా, తన మీదనా అంటె ఆయనకే తెల్వదు.

తెల్లారి పగటీలి పోయి పాండురంగాన్ని, సోమేశ్వర్‌ను పిలిచి నిలబెట్టిండు. ఉన్న కాడ టెస్టర్ పెట్టి, లేని కాడ పెట్టి, మల్ల ఉన్న కాడ పెట్టి చూసుకున్నడు. ఫ్యూజు జేబుల ఉన్నది. అప్పుడు, ఆ ఊరికి వచ్చినంక మొదటిసారి, అడిగి ఒకరి జాలారిల కాలు పెట్టిండు. గోడ మీద నాలుగు చెంబులు నీళ్లు కొట్టమన్నడు. ఇవతలికి వచ్చి మూత ఇప్పితె, తీగె వెంబడి నీళ్లు దిగి చెక్కదిమ్మ మీదికి కారుతున్నయి. సోమేశ్వర్ చూసిండు. ఆయన మొఖం వాడిపోయింది. కరీముద్దీన్ ఆ తీగె కత్తిరిచ్చి పడేసిండు, తూటు సిమెంటుతోటి మూసిండు, స్విచ్చిని ఎండ తగిలే ముంగటి గోడకు మార్చిండు.

"చాచా, నువ్వు గూడ యాలాల్ రావాలె" అన్నడు సోమేశ్వర్. "నేను చెప్తె అది నమ్మది."

లోపటి నుంచి కస్తూరమ్మ చూసిన చూపు కరీముద్దీన్‌కు అర్థమైంది. తల ఊపిన మాట యాదికుంచుకొమ్మని.

యాలాల్ల పద్మమ్మ పొయ్యి ముందు కూసొని జొన్నరొట్టె చేస్తుంది. మొగణ్ణి చూసి లేవలే. కరీముద్దీన్ గడప బయటనే నిలబడి అన్నీ చెప్పిండు. జాలారి, తూటు, నానిన చెక్క. తప్పు నాదే బిడ్డా అన్నడు. ఆమె రొట్టె తట్టుడు ఆపకుండ విన్నది.

"ఆనాడు వచ్చి ఏం లేదన్నరు. ఇయ్యాల వచ్చి ఉన్నదంటున్నరు. నాకైతె ఏదీ సమజైతలేదు సాబ్. పెంక తగిలి చెయ్యి కాలితె మా అమ్మకు చూపిస్తున్న, నిజంగనే కాలిందా జర చూడమని. నా చెయ్యి మీద నాకే నమ్మకం పోయింది."

కరీముద్దీన్ క్షమించుమని అడుగుదమంటె ఆ మాట ఎందుకు పనికొస్తది? ఈమెకు కావల్సింది తను తప్పు ఒప్పుకునుడు గాదు, గా దెబ్బ నిజమని చెప్పే సాక్ష్యం. అది ఇంకొకరి దగ్గర ఉన్నది. తను ఊపిన తల గుర్తొచ్చింది, పక్కన నిలబడ్డ సోమేశ్వర్‌ను చూసిండు, చెప్పేసిండు.

"మీ అత్తమ్మకు గూడ కొట్టింది బిడ్డా. నువ్వు వచ్చిన తెల్లారే. అప్పటి సంది తెడ్డుతోటి వేస్తుంది స్విచ్చి."

పద్మమ్మ మొదటిసారి తలెత్తింది. చాలాసేపు కరీముద్దీన్ మొఖంలనే చూసింది. పెంక దించి, చేతులు కడుక్కొని, లేచింది.

"నడువుండ్రి. ఆమె నోటితోటి వింట."

ముగ్గురూ తాండూరు బస్సెక్కిన్రు. ఇల్లు చేరెటాళ్లకు పొద్దు గూకుతుంది. కస్తూరమ్మ నడిమింట్ల నిలబడి ఉంది, పాండురంగం గూడ ఉన్నడు. కోడలిని, కొడుకు మొఖాన్ని చూడంగనే ఆమెకు అంత తెలిసిపోయింది. కరీముద్దీన్ దిక్కు కాల్చేటట్టు చూసింది. ఆయన తల వంచుకోలే.

పద్మమ్మ స్విచ్చి దిక్కు చూడనే చూడలే. అత్త ముందుకు పోయి నిలబడ్డది.

"ఏ చెయ్యి అత్తమ్మా?"

కస్తూరమ్మ మొగణ్ణి చూసింది, కొడుకును చూసింది. ఎవరూ సాయం రాలే. మెల్లగ కుడి చెయ్యి లేపింది.

"ఎందాక గుంజింది?"

ఎడమ చెయ్యి తోటి భుజం ముట్టి చూపిచ్చింది కస్తూరమ్మ. "గీడిదాక."

పద్మమ్మ ఆ చెయ్యి పట్టుకున్నది. మణికట్టు నుంచి భుజం దాక రెండు చేతులతోటి మెల్లగ వత్తింది. వత్తుకుంటనే, ఆ ఇంట్ల ఎన్నడూ ఏడ్వనంత గట్టిగ ఏడ్చింది.

"అవ్ అత్తమ్మా, గట్లనే గుంజుతది" అన్నది. "గట్లనే గుంజుతది."